పార్కిన్సన్స్ జీన్లకి తెల్లరక్తకణాల్లో ఏం పని?

పార్కిన్సన్స్ అనగానే చేతులు వణకడం, మెదడులో కదలికల్ని నడిపించే డోపమైన్ అనే రసాయనం తగ్గిపోవడం, ఇంతే గుర్తొస్తాయి మనకి. 1817లో జేమ్స్ పార్కిన్సన్ రాసిన దగ్గర్నుంచి కథంతా నరాల చుట్టూనే తిరిగింది. 1988లో కెనడాలో మెక్‌గీర్ టీమ్ చనిపోయిన పేషెంట్ల మెదళ్లు చూస్తే, డోపమైన్ కణాలు పోయిన చోటే మైక్రోగ్లియా, అంటే మెదడుకి కాపలా కాసే ఇమ్యూన్ కణాలు, బాగా యాక్టివ్‌గా కనపడ్డాయి. కానీ చచ్చిన కణాల్ని ఎత్తిపోయడానికి వచ్చాయా, చంపింది అవేనా అన్నది దాంతో తేలదు కదా.

ఈలోపు ఈ జబ్బుతో ముడిపడ్డ జీన్లు బయటపడ్డం మొదలైంది. 1997లో ఇటలీ, గ్రీస్ కుటుంబాల్లో ఆల్ఫా సిన్యూక్లిన్, 1998లో జపాన్ వాళ్లు పట్టుకున్న పార్కిన్, 2004లో పింక్1, ఎల్ఆర్ఆర్‌కే2. నన్నడిగితే అసలు మలుపు ఈ చివరిదే, ఎందుకంటే వెతికింది మెదడు జబ్బు కోసం, తీరా చూస్తే ఆ జీన్ తయారుచేసే ప్రొటీన్ తెల్లరక్తకణాలైన మోనోసైట్లు, న్యూట్రోఫిల్స్‌లో దండిగా ఉంది, పైగా 2008లో క్రోన్స్ అనే పేగుల జబ్బు స్టడీలోనూ, 2009లో చైనాలో కుష్ఠు మీద చేసిన స్టడీలోనూ అదే జీన్ ప్రాంతం తగిలింది. పేగుల వాపుకీ కుష్ఠుకీ వణుకుడు జబ్బుకీ ఏంటి సంబంధం? మూడింట్లోనూ కామన్‌గా ఉన్నది ఇమ్యూనిటీనే.

ఎల్ఆర్ఆర్‌కే2 ఒక ఎంజైమ్, ర్యాబ్ అనే ప్రొటీన్లకి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఈ జీన్లో జీ2019ఎస్ అనే మ్యుటేషన్ (మార్పు) ఉంటే ఈ పని మోతాదు మించి చేస్తుంది, దాంతో లోపలికి లాక్కున్న సూక్ష్మజీవుల్ని, చెత్తని కరిగించే లైసోజోముల పని దెబ్బతింటుంది. సూక్ష్మజీవుల్ని మింగేసే ఇమ్యూన్ కణాలు, అంటే మాక్రోఫేజులకి రోజూ ఉండే డ్యూటీయే అది.

పింక్1 కథ ఇంకా చిత్రం. ఆ జీన్ తీసేసిన ఎలుకలు చూడ్డానికి మామూలుగానే ఉంటాయి. మాంట్రియల్‌లో వాటికి పేగుల ఇన్ఫెక్షన్ ఎక్కిస్తే కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా ముక్కల్ని గుర్తుపట్టి దాడి చేసే టీ సెల్స్ (ఒక రకం తెల్లరక్తకణాలు) పుట్టుకొచ్చాయి, కొన్ని నెలలకి కదలికలు మందగించాయి, పార్కిన్సన్స్‌కి వాడే ఎల్-డోపా మందు ఇస్తే మళ్లీ మెరుగయ్యాయి (2019). ఎలుకల సంగతిలే అనొచ్చు, నిజమే, కానీ ఆల్ఫా సిన్యూక్లిన్ ప్రొటీన్ ముక్కలకి రియాక్ట్ అయ్యే టీ సెల్స్ పేషెంట్ల రక్తంలోనే ఉన్నాయని 2017లోనే సుల్జర్ టీమ్ చూపించింది. జీ2019ఎస్ ఉన్నా చాలామందికి జీవితాంతం జబ్బు రాదు, మరి వచ్చినవాళ్లకి మధ్యలో ఏదో ఇన్ఫెక్షన్ తోడైందా అన్న ప్రశ్నకి బలం వచ్చింది ఇక్కడే.

ఇప్పుడు ఎల్ఆర్ఆర్‌కే2 జోరు తగ్గించే మందులు ట్రయల్స్‌లో ఉన్నాయి. ఆ ఎంజైమ్ ఎంత జోరుగా ఉందో చూడ్డానికి మెదడు దాకా పోనక్కర్లేదు, చేతి నుంచి రక్తం తీసి న్యూట్రోఫిల్స్ వేరుచేసి ర్యాబ్10 మీద ఫాస్ఫేట్ ఎంతుందో కొలిస్తే చాలు. మన దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది, జీ2019ఎస్ ఎక్కువగా కనపడేది అష్కెనాజీ యూదుల్లో, ఉత్తర ఆఫ్రికా అరబ్బుల్లో, మన దేశంలో చాలా అరుదు, అందుకని అదొక్కటి లేదని జీన్ టెస్ట్ రిపోర్ట్ వచ్చినా ఇక్కడి పేషెంట్‌కి దాంతో తేలేది పెద్దగా ఏం ఉండదు.