పది రోజుల నోటీస్: నిక్ నజ్మి కెరీర్‌లో అసలు మలుపు ఇదే

మలేషియాలో సభలు, ఊరేగింపుల చట్టం మీద గొడవ మళ్లీ రాజుకుంది. పోలీసులకి ముందుగా నోటీస్ ఇవ్వకుండా శాంతియుతంగా సభ పెట్టినవాళ్లకి జరిమానా వేసే సెక్షన్ 9(5) రాజ్యాంగ విరుద్ధం అని 2025 జూలై 1న ఫెడరల్ కోర్టు, అంటే అక్కడి సుప్రీంకోర్టు అనుకోండి, ఐదుగురు జడ్జీల ఏకాభిప్రాయంతో కొట్టేసింది. ఈ తీర్పు తెచ్చుకున్నది ముడా పార్టీ మాజీ సెక్రటరీ జనరల్ అమీర్ హరిరి అబ్ద్ హాదీ, వార్తలన్నీ ఆయన చుట్టూనే తిరిగాయి, తిరగాలి కూడా, కానీ ఈ పోరాటం ఆయనతో మొదలవలేదు. అంతకు పన్నెండేళ్ల ముందు సెలంగోర్ రాష్ట్రంలో 31 ఏళ్ల కుర్ర ఎమ్మెల్యే ఒకాయన ఇదే సెక్షన్ మీద కోర్టుకెక్కాడు, గెలిచాడు, ఆ గెలుపుని తర్వాత ఇంకో బెంచ్ లాగేసుకుంది. ఆయనే అన్వర్ ఇబ్రహీం పార్టీ పీకేఆర్‌కి చెందిన నిక్ నజ్మి నిక్ అహ్మద్. తీర్పు వచ్చిన మూడు రోజులకే, జూలై 4న, కేంద్ర కేబినెట్ నుంచి ఆయన రాజీనామా అమల్లోకి వచ్చింది.

కువాలా కంగ్సార్ మలే కాలేజ్, లండన్ కింగ్స్ కాలేజ్‌లో లా, 2008లో 26 ఏళ్లకే సెలంగోర్ అసెంబ్లీలో సెరి సెటియా సీటు గెలవడం, అప్పటి ముఖ్యమంత్రి ఖాలిద్ ఇబ్రహీంకి పొలిటికల్ సెక్రటరీగా చేయడం, ఇవన్నీ ఆయన గురించి రాసే ప్రతి వ్యాసంలోనూ ఉంటాయి కాబట్టి నేను వాటిలోకి వెళ్లడం లేదు. నా లెక్కలో ఆయన రాజకీయ జీవితం అర్థం కావాలంటే చూడాల్సింది 2013 మే నుంచి 2014 ఏప్రిల్ దాకా ఉన్న ఆ ఏడాదినే.

2013 మే 5న పార్లమెంట్ ఎన్నికలు జరిగాయి. అన్వర్ ఇబ్రహీం నడిపిన ప్రతిపక్ష కూటమికి దాదాపు 51 శాతం ఓట్లు పడ్డాయి, అధికార బారిసాన్ నేషనల్‌కి 47 శాతం చిల్లర, అయినా 222 సీట్లలో 133 బారిసాన్‌కే వెళ్లాయి. ఎక్కువమంది ఓటేసిన వైపు ఓడిపోయిందంటే జనం ఇంట్లో కూర్చుంటారా? మూడో రోజే, మే 8 రాత్రి, సెలంగోర్‌లోనే ఉన్న పెటాలింగ్ జయ నగరంలో కెలానా జయ స్టేడియంలో నల్ల బట్టలు వేసుకుని వేలమంది చేరారు. మే 5 ఫలితాలకి నిరసనగా జరిగిన ‘బ్లాక్ 505’ సభల్లో అదే మొదటిది, నిర్వాహకుడు నిక్ నజ్మి. స్టేడియం పెటాలింగ్ జయ నగరపాలక సంస్థది, రాష్ట్రంలో ప్రభుత్వం వాళ్ల కూటమిదే, కాబట్టి దొంగచాటుగా పెట్టిన మీటింగ్ కాదు, ఎవరి స్థలంలోకో చొరబడి పెట్టిందీ కాదు, రోడ్డు మీద ఎవర్నీ ఆపలేదు కూడా.

కానీ చట్టం ప్రకారం సభకి పది రోజుల ముందు ఆ జిల్లా పోలీస్ అధికారికి నోటీస్ ఇవ్వాలి. ఎన్నికల ఫలితం వచ్చిందే మే 5 రాత్రి. ఆ ఫలితం మీద మే 8న నిరసన తెలపాలంటే ఏప్రిల్ నెలాఖర్లోనే, ఇంకా ఓట్లు పడకముందే నోటీస్ ఇచ్చి ఉండాలన్నమాట! ఏదైనా హఠాత్తుగా జరిగితే జనం వెంటనే స్పందించే హక్కుని ఈ ఒక్క నిబంధన ఎలా మింగేస్తుందో చూపించడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. 2012లో అప్పటి ప్రధాని నజీబ్ ప్రభుత్వం ఈ చట్టం తెచ్చినప్పుడు, పాత పోలీస్ చట్టంలోని లైసెన్స్ పద్ధతి తీసేశాం, ఇక నోటీస్ ఇస్తే చాలు, ఇది సంస్కరణ అని చెప్పుకుంది. రూల్ మీరితే జరిమానా మాత్రం 10,000 రింగిట్ల దాకా పెట్టింది. నోటీస్ ఇవ్వలేదని నిక్ నజ్మి మీద పెట్టింది ఈ సెక్షన్ 9(5) కేసే.

ఆ 10,000 అంకె మామూలుది కాదు. మలేషియా రాజ్యాంగం ప్రకారం 2,000 రింగిట్లు, ఆపైన జరిమానా పడితే చట్టసభ సభ్యుడి పదవికే ఎసరు, మళ్లీ ఐదేళ్లు పోటీ చేయడానికీ కుదరదు. ఇదేమీ కాగితం మీద భయం కాదు, 2018లో పీకేఆర్ నాయకుడే అయిన తియాన్ చువా నామినేషన్‌ని సరిగ్గా 2,000 రింగిట్ల జరిమానా చూపించి తిరస్కరించారు. అంటే ఒక కుర్ర ఎమ్మెల్యే మీద సెక్షన్ 9(5) పెట్టడమంటే అతని సీటు మీద కత్తి వేలాడదీయడమే. ఆ కేసు నెత్తిమీద ఉండగానే నిక్ నజ్మి సెలంగోర్ అసెంబ్లీలో డిప్యూటీ స్పీకర్ కుర్చీలో కూర్చున్నాడు.

జరిమానా కట్టేసి బయటపడదాం అనుకోలేదు. లా చదివినవాడు కదా, సెక్షనే చెల్లదని ఎదురు తిరిగాడు. హైకోర్టులో ఓడిపోయాడు, అప్పీల్ కోర్టుకి వెళ్లాడు. 2014 ఏప్రిల్ 25న మహమ్మద్ ఆరిఫ్ యూసుఫ్, మా వెంగ్ క్వాయ్, హమీద్ సుల్తాన్ అబూ బకర్ అనే ముగ్గురు జడ్జీలు ఎవరికి వారు విడిగా తీర్పులు రాశారు, కొన్ని విషయాల్లో వాళ్ల దారులు వేరు, కానీ 9(5) దగ్గరికి వచ్చేసరికి ముగ్గురిదీ ఒకటే మాట. శాంతియుతంగా సభ పెట్టుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు, సభ నేరం కానప్పుడు దానికి నోటీస్ ఇవ్వకపోవడం నేరం ఎలా అవుతుంది అన్నది ఆ తీర్పుల సారం. నిక్ నజ్మి మీద కేసు కొట్టేశారు. ఒక రాష్ట్ర ఎమ్మెల్యే పార్లమెంట్ చేసిన చట్టంలో ముక్కని రాలగొట్టాడు, ఆ సంగతికి అప్పట్లో రావాల్సినంత పేరు రాలేదు.

తర్వాత జరిగింది చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కొద్దిరోజులకే ప్రాసిక్యూషన్ అదే సభ మీద, అదే సెక్షన్ కింద ఆయన మీద మళ్లీ ఛార్జ్ పెట్టింది. 2015 అక్టోబర్‌లో ఇంకో అప్పీల్ కోర్టు బెంచ్, జొహోర్‌కి చెందిన యునేశ్వరన్ రామరాజ్ అనే పీకేఆర్ కుర్రాడి కేసులో, ముందు బెంచ్ చెప్పింది తప్పు, సెక్షన్ చెల్లుతుంది అంది. ఆయనకి పడిన జరిమానా 6,000 రింగిట్లు. బందోబస్తు చూసుకోవడానికి పోలీసులకి టైం కావాలి, నోటీస్ తప్పితే శిక్ష లేకపోతే ఎవరు ఇస్తారు అన్నది ప్రభుత్వం వాదన. అలా ఒకే కోర్టు నుంచి ఒకే సెక్షన్ మీద రెండు ఎదురెదురు తీర్పులు వచ్చి కూర్చున్నాయి, తేల్చాల్సిన పై కోర్టు దాకా ఆ ప్రశ్న పూర్తిగా వెళ్లడానికి ఇంకో పదేళ్లు పట్టింది. ఈ పదేళ్లలో పోలీస్ స్టేషన్‌కి వెళ్లి స్టేట్‌మెంట్ ఇచ్చి వచ్చిన స్టూడెంట్లు, కార్యకర్తలు ఎంతమందో.

ఈ లోపు నిక్ నజ్మి పైకి వెళ్లాడు. 2014లోనే పార్టీ యూత్ వింగ్ అధ్యక్షుడు, సెలంగోర్‌లో విద్యాశాఖ చూసే ఎక్స్‌కో, అంటే రాష్ట్ర మంత్రి, 2018లో సెటియావాంగ్సా నుంచి ఎంపీ. అదే ఎన్నికల్లో బారిసాన్ మొదటిసారి దిగిపోయింది, వీళ్ల కూటమి వచ్చింది. సెక్షన్ రద్దు చేయడానికి అంతకన్నా మంచి సమయం ఉంటుందా? 2019లో సవరణ తెచ్చారు, వీధి ఊరేగింపుల మీద నిషేధం తీసేశారు, నోటీస్ గడువు పది రోజుల నుంచి ఐదుకి దించారు, శిక్షని మాత్రం వదల్లేదు. ఆ బిల్లు పాసైనప్పుడు స్పీకర్ సీట్లో ఉన్నది ఎవరనుకున్నారు, 2014లో ఆ శిక్ష చెల్లదని రాసిన ముగ్గురిలో ఒకరైన మహమ్మద్ ఆరిఫే!

ఆ మిగిల్చిన ముక్కే 2022 ఆగస్ట్‌లో అమీర్ హాదీకి తగిలింది. నేవీ కోసం 9 వందల కోట్ల రింగిట్లతో ఆరు యుద్ధనౌకలు కట్టిస్తామని, సగానికి పైగా డబ్బు కట్టేసినా ఒక్కటీ రాని వ్యవహారం మీద కువాలాలంపూర్ సోగో మాల్ దగ్గర ఆయన నిరసన పెట్టాడు, కేసైంది. 2022 డిసెంబర్‌లో నిక్ నజ్మి పర్యావరణ మంత్రి అయ్యేటప్పటికి, ఒకప్పుడు తాను బోనెక్కిన సెక్షన్ కింద ఇంకొకరు బోనులో ఉన్నారు, తన పార్టీ అధినేత అన్వర్ ప్రధాని. ఇక్కడ నాకు ఆయన మీద కూడా కంప్లైంట్ ఉంది. పోలీసుల శాఖ ఆయనది కాదు నిజమే, కేబినెట్‌లో అందరి మాటా చెల్లదు అదీ నిజమే, అయినా ఆ సెక్షన్ గురించి మాట్లాడే హక్కు దేశంలో ఆయనకి ఉన్నంత ఇంకెవరికీ లేదు కదా. 2025 జనవరిలో అవినీతికి వ్యతిరేకంగా ర్యాలీ తీసిన స్టూడెంట్లని పోలీసులు పిలిపించినప్పుడు కూడా ఆయన మంత్రిగానే ఉన్నాడు. ఫిబ్రవరిలో అన్వర్ పార్లమెంట్‌లో సవరణ మాట ఎత్తాడు కానీ అది సెక్షన్ 11 గురించి, స్థలం యజమాని ఒప్పుకోవాలన్న రూల్ గురించి. 9(5) జోలికి వెళ్లింది ప్రభుత్వం కాదు, కోర్టే.

చీఫ్ జస్టిస్ తెంగ్కు మైమున్ రిటైర్ కాబోయే ముందు రోజు ఆ తీర్పు చెప్పారు. హక్కు మీద హద్దు పెట్టడం వేరు, ఈ శిక్ష హద్దు దాటి నిషేధంలా తయారైంది అన్నది తీర్పులో కీలకం, 2014లో ముగ్గురు జడ్జీలు నడిచిన దారి కూడా దాదాపు ఇదే. ఆమె తర్వాత ఎవరు అన్నది సకాలంలో తేల్చకపోవడంతో జడ్జీల నియామకాల మీద గట్టిగా ప్రశ్నలు లేచాయి, ఆ ప్రశ్నలు అడిగిన తొమ్మిది మంది అధికార పార్టీ ఎంపీల్లో నిక్ నజ్మి ఒకడు. మేలో పార్టీ ఎన్నికల్లో వైస్ ప్రెసిడెంట్ పదవి పోగొట్టుకుని, తోటి మంత్రి రఫీజీ రమ్లీతో పాటు రాజీనామా ఇచ్చి వెనక బెంచీకి వచ్చాక ఆయన గొంతు మళ్లీ 2013 నాటిలా వినిపించడం మొదలైంది.

నోటీస్ ఇవ్వాలని చెప్పే 9(1) మాత్రం చట్టంలో అలాగే ఉంది. ఇవ్వకపోతే శిక్ష లేదు, అంతవరకే పోయింది. పోలీసులు ఐదు రోజుల నోటీస్ అడగొచ్చు. పోయిన శిక్ష చోట ఇంకో పేరుతో ఇంకో జరిమానా పెట్టాలా వద్దా అన్నది పార్లమెంట్ చేతిలో ఉంది, అలాంటి బిల్లు ఎప్పుడైనా సభకి వస్తే నిక్ నజ్మి ఎటువైపు నిలబడతాడో చూడాలి.