బస్సులు వచ్చాయి, ఎవరూ ఎక్కలేదు: శరణార్థి శిబిరాల గురించి అపోహలు - వాస్తవాలు

2019 ఆగస్టు 22న బంగ్లాదేశ్‌లోని టెక్నాఫ్ దగ్గర మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా ముస్లింల శిబిరం ఒకదాని బయట, వాళ్లను స్వదేశానికి తీసుకెళ్లడానికి బస్సులు, లారీలు బారులు తీరి ఉన్నాయి. 'వీళ్లు ఒకప్పుడు మా దగ్గర ఉన్నవాళ్లే' అని మయన్మార్ ఒప్పుకున్న సుమారు 3,450 మంది పేర్ల జాబితా అధికారుల చేతిలో ఉంది. చాలాసేపు చూశారు. ఒక్కరూ ఎక్కలేదు. అంతకు ముందు ఏడాది నవంబరు 15న కూడా ఇదే తంతు.

"అన్నీ సిద్ధం చేసి పెడితే వెళ్లరేమిరా?" అని ఆ వారం మా బాబాయి ఊరి నుంచి ఫోన్ చేసి అడిగాడు. శిబిరాల్లో శరణార్థుల రక్షణ పని చేసే నాకు ఈ ప్రశ్న కొత్త కాదు. పెళ్లిళ్లలో, రైళ్లలో, వాట్సాప్ గ్రూపుల్లో పదేపదే ఎదురైన కొన్ని అభిప్రాయాలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలన్నీ బంగ్లాదేశ్‌లోని కాక్స్‌బజార్ జిల్లావే. 2017 ఆగస్టు తర్వాత కొద్ది నెలల్లోనే 7 లక్షల మందికి పైగా సరిహద్దులోని నాఫ్ నది దాటి అక్కడికి వచ్చారు. ఇప్పుడు ఆ శిబిరాల జనాభా 10 లక్షలు దాటింది.

అపోహ: చుట్టూ కంచె, లోపల పోలీసులు ఉంటే శిబిరం భద్రంగా ఉన్నట్టే.

ఈ గందరగోళంలో మన భాషకూ కొంత వాటా ఉంది. సైన్యాన్ని చూసేది రక్షణ శాఖ, ఒంటరి ఆడపిల్లకు కావలసిందీ రక్షణే. మా పనిలో భద్రత వేరు, రక్షణ వేరు. దాడి జరగకుండా కాపలా కాయడం భద్రత. పుట్టిన బిడ్డ పేరు రికార్డుకు ఎక్కడం, భర్త కొడితే భార్య ఎవరికైనా చెప్పుకోగలగడం, ఇష్టం లేని మనిషిని సరిహద్దు దాటించకపోవడం రక్షణ. ఒక్కోసారి మొదటిది రెండోదాన్ని మింగేస్తుంది.

కంచె సంగతే చూడండి. 2019 చివరి నుంచి కుతుపాలాంగ్ శిబిరాల చుట్టూ ముళ్లకంచె వేయడం మొదలుపెట్టారు. 2021 మార్చి 22న ఆ శిబిరాల్లోనే బాలుఖాలి వైపు నిప్పు అంటుకుంది. అక్కడ ఇళ్లంటే వెదురు, టార్పాలిన్, ఒకదాని గోడకు ఇంకొకటి ఆనుకొని. ఇటుకతో కట్టుకోవడానికి అనుమతి లేదు. కొన్ని గంటల్లోనే దాదాపు 45 వేల మందికి నిలువ నీడ లేకుండా పోయింది. పరుగెత్తినవాళ్లకు కంచె అడ్డం వచ్చింది. కంచె చేను మేయడం అనే సామెతను మనం కాపలావాళ్ల గురించి వాడతాం. ఆ రోజు కంచె కంచెగానే మేసింది.

ఇక రాత్రి. సాయంత్రం నాలుగు దాటితే సహాయ సంస్థల బండ్లన్నీ వరుసగా కాక్స్‌బజార్ పట్టణం దారి పడతాయి. మేము నివేదికల్లో వర్ణించే శిబిరం పగటి శిబిరం. చీకటి పడ్డాక అది వేరే ఊరు. అర్సా, ఆర్‌ఎస్‌ఓ లాంటి సాయుధ బృందాల పోరు, అపహరణలు, వసూళ్లు ఎక్కువగా అప్పుడే. 2020 జులై నుంచి సాయుధ పోలీసు బెటాలియన్ శిబిరాల బాధ్యత తీసుకుంది. అయినా 2021 సెప్టెంబరు 29 రాత్రి మొహిబుల్లాను ఆయన కార్యాలయంలోనే కాల్చి చంపారు. హక్కులతో, గౌరవంతో స్వదేశానికి వెళదాం అని అందరినీ కూడగట్టిన నాయకుడు ఆయన. నెల తిరగకుండా ఒక మదర్సాపై దాడిలో కనీసం ఆరుగురు చనిపోయారు. తిరిగి వెళ్లడం గురించి నోరు తెరిచిన మనిషికే శిబిరంలో ప్రాణభయం ఉంటే, అక్కడ ఎవరి ఇష్టాన్ని ఎలా తెలుసుకుంటాం? అందుకే భద్రత ఫైలు, తిరుగు ప్రయాణం ఫైలు రెండూ ఒకటే అంటాను. కార్యాలయాల్లో మాత్రం వాటికి వేర్వేరు అలమరాలు.

ఒక ఇంట్లో గ్లాసు బోర్లించి ఉండటం చూసి, దాహం వేయదా అని అడిగాను. అస్రు నమాజు, అంటే సాయంకాలపు ప్రార్థన, తర్వాత నీళ్లు ముట్టనని ఆ ఇంటావిడ చెప్పింది. మరుగుదొడ్డి మెట్లు దిగి వెళ్లాలి, దారిలో వెలుగు లేదు. సోలార్ దీపం ఉంది కానీ కూడలిలో ఉంది, తలుపు వైపు చీకటే. స్తంభాన్ని పదిహేను అడుగులు జరిపించాం. ఎక్కడ పాతాలో ఇంజనీరుకు చూపించింది ఆమే.

నేను చూసిన మంచి భద్రతా ఏర్పాటు ఏదంటే ఏనుగుల బృందం అంటాను. కుతుపాలాంగ్ శిబిరం ఆసియా ఏనుగులు నడిచే దారిలో లేచింది. మొదటి నెలల్లోనే ఏనుగుల దాడుల్లో పది మందికి పైగా చనిపోయారు. శరణార్థుల్లోంచే వాలంటీర్లకు శిక్షణ ఇచ్చి, వెదురు మంచెలు కట్టి, చేతికి విజిల్, టార్చి ఇచ్చారు. ఏనుగు కనిపిస్తే జనాన్ని పక్కకు తప్పించి, అర్ధచంద్రాకారంలో నిలబడి దాన్ని అడవి వైపు మళ్లిస్తారు. చేతిలో తుపాకి ఉండదు.

అపోహ: తిండి ఉచితం, అందుకే కదలరు.

బాబాయి అసలు వాదన ఇదే. దీనికి జవాబు రెండు సంవత్సరాల్లో ఉంది. మొదటిది 2023. దాతలు నిధులు తగ్గించడంతో నెలకు మనిషికి 12 డాలర్లున్న రేషన్ మార్చిలో 10కి, జూన్‌లో 8కి దిగింది. రోజుకు 27 సెంట్లు. తిండి కోసమే ఉన్నవాళ్లయితే అప్పుడు మయన్మార్‌లోని తమ సొంత రాష్ట్రం రాఖైన్ దారి పట్టాలి. చాలామంది పట్టింది సముద్రపు దారి. మలేసియా, ఇండోనేసియా వైపు పడవలెక్కిన రోహింగ్యాల్లో ఆ ఏడాది 569 మంది చనిపోయారు లేదా గల్లంతయ్యారు.

రెండోది 1978. అప్పుడు 2 లక్షల మంది ఇలాగే నది దాటి వచ్చారు. 'మరీ సౌకర్యంగా ఉంటే వెళ్లరు' అనే లెక్కతో రేషన్ బిగించారు. శిబిరాల్లో 10 వేల మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మంది పిల్లలు. 1979 చివరికి దాదాపు అందరూ వెళ్లిపోయారు. కాగితాల మీద అది విజయవంతమైన కార్యక్రమం. 1991-92లో మళ్లీ 2.5 లక్షల మంది వచ్చారు, 2017లో ఇంకోసారి. ఆకలితో నెట్టిన ప్రయాణం మళ్లీ వెనక్కి తిరుగుతుంది.

అపోహ: సంతకం పెట్టారంటే ఇష్టపడి వెళ్తున్నట్టే.

నా వృత్తిలో నన్ను ఎక్కువగా భయపెట్టే కాగితం, 'ఇష్టపడే వెళ్తున్నాను' అని సంతకం పెట్టించుకునే ఈ ఫారమే. 1991-92లో వచ్చినవాళ్లను తిరిగి పంపేటప్పుడు, 1994లో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఒక్కొక్కరినీ విడిగా అడిగే పద్ధతి మానేసి, మైకుల్లో సమాచారం చెప్పి మూకుమ్మడిగా పేర్లు నమోదు చేసుకుంది. మరుసటి ఏడాది వైద్య సహాయ సంస్థ డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ చేసిన సర్వేలో 63 శాతం మంది వెళ్లడం ఇష్టం లేదన్నారు. 65 శాతం మందికి అసలు వద్దనే హక్కు ఉందనే తెలియదు. ఆ కార్యక్రమంలో 2 లక్షల మందికి పైగా వెళ్లారు.

ఇప్పుడు మేము పాటించే పద్ధతి వేరు. విడి గది, తలుపు మూసి. మొదటి ప్రశ్న 'వెళతారా?' కాదు, 'ఇక్కడికి రమ్మని మీకు ఎవరు చెప్పారు?' అనేది. 'మాఝీ చెప్పాడు' అంటే కలం పక్కన పెడతాను. మాఝీ అంటే బ్లాకు పెద్ద. 2017లో బంగ్లాదేశ్ సైన్యం హడావిడిగా నియమించుకున్న వ్యవస్థ అది, ఎన్నిక లేదు. రేషన్ గొడవ దగ్గర నుంచి పెళ్లి పంచాయతీ దాకా అన్నీ ఆయన చేతి మీదుగానే. ఆయన రమ్మంటే రాకుండా ఉండటం కష్టం. ఇంకో సంగతి: భర్త, భార్యను విడివిడిగా అడగాలి. ఒకసారి భర్త ఇరవై నిమిషాలు మాట్లాడాడు. తర్వాత వచ్చిన భార్య ఒక్క మాటే అంది, "ఆయన వెళతానన్నాడా?" అని. ఆ ప్రశ్నలోనే ఆమె జవాబు ఉంది. అనువాదకుడు అక్కడి బంగ్లాదేశీయుల చిట్టగాంగ్ యాస మాట్లాడేవాడైతే రోహింగ్యా మాటల్లో సగం సూక్ష్మం జారిపోతుంది, అదీ చూసుకోవాలి.

వెళ్లనంటే ఈరోజు ఏమీ పోగొట్టుకోకూడదు: రేషన్ కార్డు, గుడిసె, వాలంటీరు పని. ఈ మూడూ పదిలంగా ఉన్నప్పుడు అన్న 'సరే'నే నేను సరే అని రాస్తాను. 2019లో బస్సులు ఖాళీగా వెళ్లడం వైఫల్యమని పత్రికలు రాశాయి. పిలిచి అడిగినప్పుడు జనం వద్దనగలిగారు, ఆ వద్దును అధికారులు ఒప్పుకున్నారు. నా లెక్కలో ఆ రోజు పద్ధతి పనిచేసింది.

అపోహ: బంగ్లాదేశ్ శరణార్థి ఒప్పందంపై సంతకం చేయలేదు, కాబట్టి పంపేయవచ్చు.

1951 ఒప్పందంపై సంతకం చేయని మాట నిజం. అక్కడి ప్రభుత్వం వీళ్లను శరణార్థులని కూడా అనదు, 'బలవంతంగా నిరాశ్రయులైన మయన్మార్ జాతీయులు' అంటుంది. కానీ ఐక్యరాజ్యసమితి చిత్రహింసల నిరోధక ఒప్పందంలో 1998లో చేరింది. చిత్రహింసలు ఎదురయ్యే చోటికి ఎవరినీ పంపరాదని దాని మూడో అధికరణం. భారత్ ఆ రెండింటిలో మొదటిదానిపై సంతకం చేయలేదు, రెండోదాన్ని సంతకం చేసి ధ్రువీకరించలేదు. అందుకే హైదరాబాద్ బాలాపూర్‌లో ఉంటున్న రోహింగ్యా చేతిలోని ఐక్యరాజ్యసమితి కార్డు గుర్తింపుకు పనికొస్తుంది గానీ వీసా కాదు. మన వాట్సాప్‌లో తిరిగే 'కార్డు ఉంటే పౌరసత్వం ఇచ్చేశారు' అనే మాట ఉత్త పుకారు.

అపోహ: అక్కడ ఇళ్లు కట్టిస్తే వెళతారు.

2023 మే 5న 20 మంది రోహింగ్యాలను రాఖైన్‌లోని మౌంగ్‌డాకు తీసుకెళ్లి, కట్టిన ఇళ్లు చూపించి సాయంత్రానికి తీసుకొచ్చారు. 'వెళ్లి చూసి రావడం' అనేది మంచి పద్ధతే, నేనూ సిఫారసు చేస్తాను. వచ్చినవాళ్లు చెప్పింది ఏమిటంటే, మా ఊళ్లకు కాదు, ఇంకో శిబిరానికి పంపాలని చూస్తున్నారని. చిక్కు ఇంటిది కాదు. 1982 పౌరసత్వ చట్టం గుర్తించిన జాతుల జాబితాలో రోహింగ్యా పేరు లేదు. వాళ్లకు ఇవ్వజూపే గుర్తింపు కార్డు విదేశీయుడిగా ఒప్పుకోవడమేనని వాళ్ల భయం. ఇప్పుడు ఇంకో ముడి పడింది. 2024 డిసెంబరులో మౌంగ్‌డా, మయన్మార్ సైన్యంతో పోరాడే సాయుధ సంస్థ అరకాన్ ఆర్మీ చేతికి వెళ్లింది. 2025 ఏప్రిల్‌లో 1.8 లక్షల మంది రావడానికి అర్హులని చెప్పింది మయన్మార్ రాజధాని నేపిడాలోని సైనిక ప్రభుత్వం. అర్హత ఇచ్చేది ఒకరు, ఊరు ఇంకొకరి చేతిలో. ఈ మధ్యలో 2024 నుంచి కొత్తగా లక్ష మందికి పైగా ఇటువైపే వచ్చారు.

అపోహ: వాళ్లకు అసలు వెళ్లాలనే లేదు.

2022 జూన్ 19న వేల మంది 'ఇంటికి వెళదాం' అంటూ శిబిరాల్లో ఊరేగింపులు తీశారు. ఇంతకన్నా దీని గురించి వాదించను. ఒక ముసలాయన ఇంటికి గ్యాస్ సిలిండర్ ఫిర్యాదు మీద వెళ్లాను. సిలిండర్ మాట రెండు నిమిషాల్లో ముగించి, వాసానికి కట్టిన ప్లాస్టిక్ సంచీ దించాడు. భూమి శిస్తు రశీదులు, ఇంటిల్లిపాది ఫోటో అంటించిన మయన్మార్ కుటుంబ జాబితా, మడతల దగ్గర చిరిగి ఉన్నాయి. వానలు మొదలయ్యేలోగా లామినేషన్ చేయించుకోవాలి, చేస్తే రశీదు మీద ముద్ర చెరిగిపోతుందా అని అడిగాడు. వేడికి పాత సిరా చెదరవచ్చు, ముందు నకలు తీయించి దానికే చేయించండి చాచా, అసలుది మందపాటి కవరులో ఉంచండి అన్నాను. ఎన్ని నకళ్లు ఉంటే మంచిదని అడిగాడు. మూడు అన్నాను. కొడుకులు నలుగురు, ఐదు తీయిస్తానన్నాడు.