బండి ఎక్కాక ఎవరూ విడదీయలేరు: బెజవాడ చెత్తపై అపోహలు, వాస్తవాలు

అపోహ: మనం విడదీసి ఇచ్చినా బండిలో కలిపేస్తారు. ఇంట్లో విడదీయడం దండగ.

వాస్తవం: కొన్ని వీధుల్లో కలిపేస్తున్న మాట నిజమే. కానీ పదిళ్లలో రెండిళ్లవాళ్లు సాంబారు కారే కవరు ముడేసి ఇచ్చినా, మిగతా ఎనిమిదిళ్ల అట్టపెట్టెలు నానిపోతాయి. నానిన అట్టను పాతసామాన్ల కొట్టులో ఎవరూ కొనరు. విడిగా ఇచ్చినదాన్ని మీ కళ్లముందే కలిపేస్తుంటే బండి తోలేవాళ్లతో గొడవెందుకు? వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీకి చెప్పండి.

తడి చెత్తను బకెట్‌తోనే బండిలో వంచండి, కవర్లో కట్టొద్దు. పాల ప్యాకెట్ మూలను పూర్తిగా కత్తిరించకండి. ఆ చిన్న ముక్క ఎవరి చేతికీ దొరకదు, నేరుగా మురుగు కాలువలోకే పోతుంది. ప్యాడ్లు, డైపర్లు పేపర్లో చుట్టి విడిగా ఇవ్వాలి. ఇన్సులిన్ సూదులను మందపాటి సీసాలో వేసి మూత బిగించండి. పగిలిన గాజు ఉంటే అట్టపెట్టెలో పెట్టి, తీసుకునేవాళ్లకు నోటితో చెప్పి మరీ ఇవ్వండి.

అపోహ: ఇంట్లో ఎరువు చేస్తే కంపు, పురుగులు.

వాస్తవం: కంపు వచ్చేది చెత్త వల్ల కాదు, గాలాడని తడి వల్ల. 20 లీటర్ల పాత పెయింట్ బకెట్‌కు అడుగున, చుట్టూ చిల్లులు పెట్టండి. అడుగున నాలుగంగుళాలు ఎండుటాకులు పరవండి. రోజూ తొక్కలు వేసి, పైన అంతే ఎండుటాకులు కప్పండి. మొదట్లో కాస్త పుల్లమజ్జిగ చల్లితే కుళ్లడం త్వరగా మొదలవుతుంది. వారానికి రెండుసార్లు కలపండి. పిడికిట్లో పిండితే నీళ్లు కారాయా, ఆకులు పెంచండి. పొడిపొడిగా రాలిందా, నీళ్లు చిలకరించండి. రోహిణి కార్తె ఎండలకు మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇదే. చేప, మాంసం, నూనె కూరలు వేయొద్దు. నిండిన బకెట్‌ను పక్కన పెడితే దాదాపు రెండు నెలల్లో ఎరువవుతుంది.

అపోహ: కాలువలో వేస్తే కొట్టుకుపోతుంది.

వాస్తవం: పోతుంది, దిగువ ఊళ్లకు. బెజవాడ మీదుగా పారే ఏలూరు, బందరు కాలువల నీళ్లతోనే దిగువన ఎన్నో పల్లెల్లో మంచినీటి చెరువులు నింపుతారు. చవితి పత్రి కుళ్లిపోతుంది సరే, దాన్ని తెచ్చిన కవరో? నీళ్లు కట్టేసిన వేసవిలో కాలువ అడుగు చూడండి.

అపోహ: బ్లీచింగ్ చల్లితే డెంగీ దోమ పోతుంది.

వాస్తవం: అది కంటికి తెల్లగా కనిపించే తృప్తి, అంతే. అందులోని క్లోరిన్ మురికితో కలిసి అక్కడికక్కడే ఖర్చయిపోతుంది. మూతి విప్పి ఉంచిన బస్తాలో అదీ రోజురోజుకూ తగ్గిపోతుంది. పైగా డెంగీ దోమ ఎక్కువగా పెరిగేది మురుగులో కాదు, నిలవ నీళ్లలో: కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, మనీప్లాంట్ సీసా, డాబా మీది టైరు. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికోసారి నీళ్లు పారబోయాలి. పారబోస్తే సరిపోదు, పీచుతో తోమాలి. గుడ్లు నీటిమట్టం దగ్గర గోడకు అంటుకుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి బతుకుతాయి.

అపోహ: వీధిలో షామియానా వేసి భోజనాలు పెడితే, ఎత్తాల్సింది కార్పొరేషనే.

వాస్తవం: వందమందికి మించిన కార్యక్రమమైతే మూడు పనిదినాల ముందే తెలియజేయాలని, చెత్తను అక్కడే విడదీయాలని 2016 నాటి కేంద్ర ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనల్లోనే చెప్పారు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు 2022 జూలై 1 నుంచి నిషేధం. పేపర్ గ్లాసులకూ లోపల సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది, వాటిని అరిటాకులతో కలపొద్దు. వంటవాళ్లతో బేరం కుదుర్చుకునేటప్పుడే రెండు డ్రమ్ములు, వాటి దగ్గర నిలబడే ఒక మనిషి అని మాట్లాడుకోండి. మనిషి లేని డ్రమ్ములో మొదటి పంక్తి లేచేసరికే అన్నీ కలిసిపోతాయి.