గదిలో ఓటు, పోస్టులో ఓటు: రాయల్ జాగ్రఫికల్ సొసైటీలో 22 మంది స్త్రీల పేచీ

1893 ఏప్రిల్ 24న లండన్‌లో, భూగోళ శాస్త్రాన్నీ అన్వేషణ యాత్రల్నీ ప్రోత్సహించే రాయల్ జాగ్రఫికల్ సొసైటీ ప్రత్యేక సర్వసభ్య సమావేశం జరిగింది. స్త్రీలను ఫెలోలుగా, అంటే సభ్యులుగా, తీసుకోవచ్చా లేదా అన్నదే చర్చ. సంఘాన్ని నడిపే కౌన్సిల్ అప్పటికే 22 మందిని చేర్చేసుకుంది. సమావేశం మాత్రం 147–105 ఓట్లతో వద్దంది. ఈ గొడవను సాధారణంగా స్త్రీల హక్కుల కథగా చెప్పుకుంటారు. అది నిజమే, కానీ దాని కింద ఇంకో తగాదా ఉంది. సంఘం తరఫున నిర్ణయం చెప్పే అధికారం ఎవరిది? కౌన్సిల్‌దా, సమావేశానికి వచ్చిన కొద్దిమందిదా, రాలేని వేలమందిదా?

సొసైటీ 1830లో పుట్టింది. మరుసటి ఏడాదే ఆఫ్రికా అన్వేషణకు పెట్టిన పాత ఆఫ్రికన్ అసోసియేషన్‌ను తనలో కలుపుకుంది. 1859లో రాయల్ చార్టర్, అంటే సంఘానికి చట్టబద్ధత ఇచ్చే రాజపత్రం, వచ్చింది. మ్యాపుల గదిని జనానికి తెరిచి ఉంచాలన్న షరతు మీద ప్రభుత్వం 1854 నుంచి ఏటా 500 పౌండ్లు ఇచ్చేది. ఖర్చుల్లో ఎక్కువ భాగం మాత్రం ఫెలోల చందాల మీదే నడిచింది. అందుకే ఫెలో కావడానికి శాస్త్రవేత్త అయి ఉండాలన్న పట్టింపు లేదు. పాత ఫెలోలు పేరు ప్రతిపాదించాలి, చందా కట్టాలి, అంతే. సైన్యాధికారులు, నౌకాదళం వాళ్లు, వలస దేశాల్లో పనిచేసే దొరలు, డబ్బున్న యాత్రికులు కలిసి మూడు వేల పైచిలుకు తేలారు. వీళ్లలో చాలామంది ఏ కలకత్తాలోనో కేప్‌టౌన్‌లోనో ఉండేవాళ్లు. లండన్‌లో సాయంత్రం పెట్టే సమావేశానికి వచ్చేది అక్కడ ఖాళీగా ఉన్నవాళ్లే. రోజువారీ ఆఫీసు పని మోసింది జీతం తీసుకునే సహాయ కార్యదర్శి. 1864 నుంచి 1892లో చనిపోయేదాకా ఆ కుర్చీలో కూర్చున్నది అమెజాన్ అడవుల్లో పదకొండేళ్లు పురుగుల్ని సేకరించిన హెన్రీ వాల్టర్ బేట్స్.

స్త్రీలకు పతకాలివ్వడానికి సొసైటీకి ఎప్పుడూ అభ్యంతరం లేకపోయింది. 1860లో ఆర్కిటిక్ యాత్రలో కనిపించకుండా పోయిన జాన్ ఫ్రాంక్లిన్ భార్య లేడీ జేన్ ఫ్రాంక్లిన్‌కు, 1869లో శాస్త్ర రచయిత్రి మేరీ సోమర్‌విల్‌కు బంగారు పతకాలిచ్చింది. చందా కట్టి సభ్యులవుతామంటేనే చిక్కు.

ఆ చిక్కు ముదిరింది స్కాట్లండ్ వల్ల. 1884లో ఎడిన్‌బరోలో మొదలైన రాయల్ స్కాటిష్ జాగ్రఫికల్ సొసైటీ మొదటి నుంచీ స్త్రీలను చేర్చుకుంది. అది 1892లో లండన్‌లోనే శాఖ తెరిచి, పర్షియా, టిబెట్ సరిహద్దులు తిరిగొచ్చిన ఇసబెల్లా బర్డ్ బిషప్‌ను ప్రసంగానికి పిలిచింది. అంత పేరున్న యాత్రికురాలు మన ఊళ్లో పక్క సంఘం వేదిక మీద మాట్లాడటమేంటని ఇక్కడి పెద్దలకు చురుక్కుమంది. ఆ వేసవిలోనే కౌన్సిల్ స్త్రీలను తీసుకోవాలని తీర్మానించింది. నవంబరులో మొదటి విడతగా 15 మంది చేరారు, బర్డ్ కూడా వాళ్లలో ఉంది. 1893 వసంతానికల్లా లెక్క 22కు చేరింది.

అప్పటి అధ్యక్షుడు మనకు కొత్తవాడు కాదు. 1881 నుంచి 1886 దాకా మద్రాసు గవర్నరుగా చేసిన మౌంట్‌స్టూవర్ట్ గ్రాంట్ డఫ్. మద్రాసు సముద్రతీరానికి మెరీనా అని పేరు పెట్టింది ఆయనే. కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఆ రోజుల్లో ఆయన ఏలుబడిలోవే. కౌన్సిల్‌లో స్త్రీల పక్షాన గట్టిగా నిలబడింది గౌరవ కార్యదర్శి, పర్వతారోహకుడు డగ్లస్ ఫ్రెష్‌ఫీల్డ్.

వ్యతిరేకించిన వాళ్లకు నౌకాదళ అడ్మిరల్స్ ముందు నడిచారు. స్త్రీల శక్తి గురించి నేరుగా వాదించే బదులు వాళ్లు పద్ధతి పట్టుకున్నారు: ఇంత పెద్ద మార్పు చేసే అధికారం కౌన్సిల్‌కు ఎక్కడిది, సర్వసభ్య సమావేశాన్ని అడగాలి కదా అని. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నలో పస ఉంది. స్త్రీలు చేరకూడదని చార్టర్‌లో లేదు, చేరవచ్చనీ లేదు. మాట్లాడకుండా పని కానిచ్చేద్దామని కౌన్సిల్ చూసింది. ఈ అడ్మిరల్స్‌లో లియోపోల్డ్ మెక్‌క్లింటాక్ ఒకరు. ఫ్రాంక్లిన్ యాత్ర గతి ఏమైందో వెతకడానికి లేడీ ఫ్రాంక్లిన్ పూనుకుని పంపిన ఓడకు 1857లో కెప్టెన్‌గా వెళ్లింది ఈయనే. 1860లో ఆమెతో పాటు సొసైటీ పతకం అందుకున్నదీ ఈయనే.

పద్ధతి ముసుగు అక్కర్లేదనుకున్నవాడు జార్జ్ కర్జన్. అప్పటికి యువ ఎంపీ. భూగోళ శాస్త్రానికి స్త్రీలు చేయగలిగింది ఏమీ లేదని, అన్వేషణకు వాళ్లు పనికిరారని మే నెలాఖరులో టైమ్స్ పత్రికకు ఉత్తరం రాశాడు. పర్షియా మీద తన పెద్ద పుస్తకం 1892లో వేసిన ఆయనకు, ఏడాది ముందే అదే దేశం మీద బర్డ్ రెండు సంపుటాలు వేసిన సంగతి తెలియదనుకోలేం.

ఏప్రిల్ ఓటు తర్వాత కౌన్సిల్ పక్షం పోస్టు దారి పట్టింది. ఫెలోలందరికీ ఉత్తరాలు పంపి అభిప్రాయం అడిగారు. 1,165 మంది సరేనన్నారు, 465 మంది కాదన్నారు. మామూలుగా అయితే అక్కడితో అయిపోవాలి. కానీ పోస్టు ఓటుకు చట్టబద్ధమైన విలువ లేదు, సమావేశంలో చేతులెత్తిన వాళ్ల మాటే లెక్క. జులై 3న మళ్లీ సమావేశం పెడితే 172–158తో స్త్రీలు ఓడిపోయారు. పోస్టులో గెలిచిన పక్షానికి గదిలో 158 ఓట్లే పడ్డాయి. ఇదంతా 14 ఓట్ల తేడా. నన్నడిగితే స్త్రీలను ఓడించింది ద్వేషం కన్నా ఎక్కువగా ఈ సమావేశపు నియమమే.

చేరిన 22 మందిని తీసేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది, ఇంకొకరిని చేర్చే వీలూ లేదు. కక్కలేక మింగలేక వాళ్లను అలాగే ఉంచేసి తలుపు మూశారు. గ్రాంట్ డఫ్ అధ్యక్ష పదవి వదిలాడు, ఫ్రెష్‌ఫీల్డ్ కార్యదర్శిగా రాజీనామా ఇచ్చాడు. కొత్త అధ్యక్షుడు, మలేరియా మందు క్వినైన్ ఇచ్చే సింకోనా మొక్కల్ని నీలగిరులకు తెప్పించిన క్లెమెంట్స్ మార్కమ్, ఈ తలనొప్పి పక్కన పెట్టి సొసైటీ దృష్టిని అంటార్కిటికా వైపు తిప్పాడు. 1901లో రాబర్ట్ స్కాట్ డిస్కవరీ ఓడ మీద అక్కడికి బయలుదేరడం ఆ పట్టుదల ఫలితమే.

మిగతా సంఘాల్లోనూ మెలికలు ఇలాంటివే. జీవశాస్త్రానికి చెందిన లినియన్ సొసైటీ, ఖగోళశాస్త్రానికి చెందిన రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ అనుబంధ చార్టర్లు తెచ్చుకుని 1904లో ఒకటి, 1916లో ఒకటి స్త్రీలను ఎన్నుకున్నాయి. శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ అయితే 1902లో భౌతిక శాస్త్రవేత్త హెర్తా ఐర్టన్ పేరు వచ్చినప్పుడు, పెళ్లయిన స్త్రీ చట్టం దృష్టిలో ఫెలో కాజాలదని లాయర్ల చేత చెప్పించి పంపేసింది. అక్కడ మొదటి స్త్రీలు ఎన్నికయింది 1945లో.

ఇక కర్జన్. వైస్రాయిగా వచ్చి, 1905లో బెంగాల్‌ను చీల్చి, వందేమాతరం ఉద్యమానికి కారణమై ఇంగ్లండ్ తిరిగి వెళ్లాక, 1911లో ఇదే సొసైటీకి అధ్యక్షుడయ్యాడు. అప్పటికి సావిల్ రోలోని ఇల్లు చాలడం లేదు. కెన్సింగ్టన్‌లో లోథర్ లాడ్జ్ అనే భవనం లక్ష పౌండ్లకు బేరం కుదిరింది. డబ్బు కావాలి, డబ్బు రావాలంటే చందాదారులు పెరగాలి. ఈసారి కర్జన్ ముందే పోస్టు ద్వారా అందరి అభిప్రాయం తెలుసుకుని, ఆ బలంతో 1913 జనవరిలో సమావేశం పెట్టించాడు. 130–51తో తీర్మానం నెగ్గింది, యాత్రికురాలు గెర్ట్రూడ్ బెల్ లాంటి వాళ్లు ఆ ఏడాదే చేరారు. స్త్రీలకు పార్లమెంటు ఓటు హక్కు వద్దని ఉద్యమం నడిపే జాతీయ సంఘానికి కూడా ఆ రోజుల్లో కర్జనే అధ్యక్షుడు.