రోడ్డు వెడల్పయితే రద్దీ ఎక్కడికి పోతుంది?

పెరుగుతున్న ఏ నగరంలోనైనా హైవే విస్తరణ మాట ఎత్తగానే జనం రెండు వర్గాలవుతారు. స్థలం పోయేవాళ్లు వద్దంటారు, రోజూ ఆ దారిన తిరిగేవాళ్లు కావాలంటారు. మార్కింగ్ ఎటువైపు ఎక్కువ జరిగింది, పరిహారం ఎంత, ఎవరి గోడ బతికిపోయింది అన్న వాటి చుట్టూనే గొడవంతా తిరుగుతుంది. ఇంత కొట్లాడుకునే రెండు వర్గాలకూ ఒక్క విషయంలో మాత్రం పేచీ లేదు: రోడ్డు వెడల్పయితే ట్రాఫిక్ తగ్గుతుంది. అరవై ఏళ్లుగా రవాణా శాస్త్రం శంకిస్తున్నది సరిగ్గా ఆ ఒక్క మాటనే. విస్తరణ మీద జనం అభిప్రాయాలు అడిగే సభలో చివరన ఎవరో లేచి "వంతెన మట్టికట్ట మీద వద్దు, పిల్లర్ల మీద కట్టండి" అంటే, రాసుకున్నట్టు చేసి పక్కన పెట్టేస్తారు. లెక్క వేసి చూస్తే బలమున్న మాట అదే.

1962లో ఆంథొనీ డౌన్స్ అనే అమెరికన్ ఆర్థికవేత్త, నగరాల్లోని ఎక్స్‌ప్రెస్ రోడ్లకు ఎంత జాగా పెంచినా రద్దీ వేళల్లో అవి మళ్లీ నిండిపోతాయని రాశాడు. ఎందుకంటే, రోడ్డు కాస్త ఖాళీగా కనిపించగానే మూడు రకాల జనం అటు తిరుగుతారు. జామ్‌కి భయపడి తెల్లారేసరికే బయల్దేరేవాళ్లు తీరిగ్గా ఎనిమిదిన్నరకు బయల్దేరతారు. సందుల్లోంచి తప్పించుకు పోయేవాళ్లు మెయిన్ రోడ్డెక్కుతారు. బస్సో రైలో ఎక్కేవాళ్లు సొంత బండి బయటికి తీస్తారు. వీళ్లెవరూ ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు కారు, ఇన్నాళ్లూ రద్దీకి జడిసి సర్దుకుపోయినవాళ్లు. పెరిగే నగరంలో వీళ్లకు నాలుగో రకం తోడవుతుంది. రోడ్డు బాగుంది కదా అని ఊరి చివర స్థలం కొని ఇల్లు కట్టుకునేవాళ్లు. వీళ్లు రావడానికి కొన్నేళ్లు పడుతుంది కాబట్టి, ప్రారంభోత్సవం నాటి ఫొటోలో రోడ్డు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.

ఇది ఒకరి అభిప్రాయంగా మిగిలిపోలేదు. గిల్స్ డ్యురాంటన్, మాథ్యూ టర్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా నగరాల లెక్కలు తీసి 2011లో ప్రచురించారు. హైవే లేన్ల పొడవు ఒక శాతం పెరిగితే వాటి మీద వాహనాలు తిరిగిన దూరం కూడా దాదాపు ఒక శాతమే పెరుగుతోందని తేలింది. అంటే ఇచ్చిన జాగా ఇచ్చినట్టే నిండిపోతోంది. హ్యూస్టన్‌లోని కేటీ ఫ్రీవే (సిగ్నళ్లు లేని హైవే) దీనికి అందరూ చూపించే ఉదాహరణ. 2008 నాటికి దాదాపు 280 కోట్ల డాలర్లు పోసి, సర్వీస్ రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 లేన్లు చేశారు. 2011, 2014 సంవత్సరాల మధ్య దాని మీద ప్రయాణ సమయం ఉదయం పూట 30 శాతం, సాయంత్రం పూట 55 శాతం పెరిగింది.

అలాగని విస్తరణ వట్టి దండగ అనుకోనక్కర్లేదు. ఇదివరకు పది మంది పోయే చోట ఇరవై మంది పోతున్నారంటే ఆ అదనపు పది మందికీ ఏదో లాభం ఉండబట్టే పోతున్నారు. ఉద్యోగమో సరుకో ఆసుపత్రో వాళ్లకు అందుబాటులోకి వచ్చింది. ఆ లాభం చూపించి రోడ్డు అడిగితే న్యాయంగా ఉంటుంది. "మీ అరగంట ఆదా అవుతుంది" అని చెప్పి అడగడంతోనే వస్తుంది చిక్కు. ఆ అరగంట మహా అయితే కొన్నేళ్లు నిలుస్తుంది. పోయిన ఇంటి ముందరి భాగం మాత్రం తిరిగి రాదు. ఇంకో చేదు నిజం కూడా డ్యురాంటన్, టర్నర్‌ల అధ్యయనంలోనే ఉంది: బస్సులు, రైళ్లు పెంచినంత మాత్రాన రోడ్డు మీద వాహనాల తిరుగుడు తగ్గినట్టు కనిపించలేదు. రైలెక్కి ఒకరు ఖాళీ చేసిన జాగాలోకి ఇంకొకరు వచ్చేస్తున్నారు. రైలు ఎక్కువమందిని మోస్తుంది, అది దాని విలువ. పక్కనున్న రోడ్డును ఖాళీ చేయడం దాని వల్ల అయ్యే పని కాదు.

ఇక ఫ్లైఓవర్. "జామ్ పోలేదండీ, పక్క జంక్షన్‌కి మారింది" అనే మాట ఫ్లైఓవర్ కట్టిన ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. దీన్ని జనం గొణుగుడు అని కొట్టిపారేస్తారు గానీ, అంకెలు జనం వైపే ఉన్నాయి. ఒక లేన్‌లో బండికీ బండికీ మధ్య రెండు సెకన్ల ఎడం ఉందనుకోండి. గంటకు 3600 సెకన్లు, కాబట్టి ఆ లేన్ గంటకు 1800 బండ్లు పంపగలదు. మూడు లేన్ల ఫ్లైఓవర్ అయితే 5400. అది దిగగానే ఒక సిగ్నల్ ఉంది, అక్కడా మూడు లేన్లే. కానీ నాలుగు వైపులా పంచాలి కాబట్టి మన వైపు పచ్చదీపం గంటలో 40 శాతం సేపే వెలుగుతుంది. అంటే దాటేది 2160 బండ్లు. పైనుంచి 5400 బండ్లు దిగుతున్నాయి, కింద 2160 కదులుతున్నాయి. మిగతావన్నీ వరుస కడతాయి, ఆ వరుస మళ్లీ ఫ్లైఓవర్ మీదికే పాకుతుంది. ఫ్లైఓవర్ దాటించిన మొదటి సిగ్నల్ దగ్గర ఇదివరకు ఆగిన బండ్లే ఇప్పుడు రెండోదాని దగ్గర, ఏడెనిమిది మీటర్ల ఎత్తున ఆగుతాయి. ఆ వరుస ఎక్కడిదాకా వస్తుందో డిజైన్ కన్సల్టెంట్ మోడల్ నడిపి అంచనా వేస్తాడు. అక్కడ రోజూ నిలబడే ఆటోడ్రైవర్‌కి చూపుతోనే తెలుసు. రెండూ తేడాగా ఉంటే నేనైతే ముందు మోడల్‌నే అనుమానిస్తాను.

అన్నట్టు, జామ్‌కి ఒక్కోసారి సిగ్నల్ కూడా అక్కర్లేదు. 2008లో ప్రచురించిన ఒక ప్రయోగంలో జపాన్ పరిశోధకులు 230 మీటర్ల గుండ్రటి ట్రాక్ మీద 22 కార్లను ఒకే వేగంతో పొమ్మన్నారు. అడ్డంకి ఏమీ లేదు. కాసేపటికి ఒకరు కొంచెం బ్రేకేశారు, వెనకవాళ్లు ఇంకొంచెం గట్టిగా వేశారు, చివరికి కొందరు పూర్తిగా ఆగిపోయారు. ఆ ఆగిన గుంపు ఒక అలలా వెనక్కి నడుస్తూ పోయింది. బండ్లు ఒక మేరకు మించి దట్టమైతే ఆ అల దానంతటదే పుడుతుంది.

మట్టికట్ట, పిల్లర్ల గొడవ ఇంకా ఆసక్తికరం. వంతెన కింద లారీలు పోవాలంటే సుమారు 5.5 మీటర్ల ఖాళీ కావాలి. దాని మీద గర్డర్లు (స్లాబును మోసే దూలాలు), స్లాబ్ కలిపి ఇంకో రెండు మీటర్లు వేసుకోండి. మొత్తం 7.5 మీటర్లు. ముప్పై మీటర్లు పోతే ఒక మీటరు ఎక్కే వాలు పెట్టారనుకుంటే, ఒక్కోవైపు అప్రోచ్, అంటే వంతెన ఎక్కే దారి, 225 మీటర్లు ఉండాలి. ఇంజినీర్లు దీన్ని ఇరువైపులా నిట్టనిలువు గోడలు కట్టి మధ్యలో మట్టి నింపి పూర్తి చేస్తారు, ఎందుకంటే పిల్లర్లు వేసి స్లాబ్ పోయడం కన్నా అది బాగా చవక. దాంతో ఊరి మధ్యలో దాదాపు అర కిలోమీటరు పొడవున గోడ లేస్తుంది. కట్ట నడిమధ్యన ఉన్న ఇంటివాళ్లు, 30 మీటర్ల అవతలి ఎదురింటికి పోవాలన్నా వంతెన కిందిదాకా నడిచి, దాటి, అంత దూరం మళ్లీ వెనక్కి రావాలి. 30 మీటర్లు కాస్తా 250 అవుతుంది. వయసు మళ్లినవాళ్లు ఆ రాకపోకలు మెల్లగా మానేస్తారు. ఆ నష్టం ఏ అంచనా పత్రంలోనూ కనిపించదు.

గోడ లేకపోయినా రద్దీ ఒక్కటే ఈ పని చేయగలదు. నగర రూపకల్పన పరిశోధకుడు డొనాల్డ్ యాపిల్‌యార్డ్ 1960ల చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంచుమించు ఒకేలాంటి మూడు వీధులు తీసుకున్నాడు. ఒకదాని మీద రోజుకు 2000 వాహనాలు, ఇంకోదాని మీద 8000, మూడోదాని మీద 16000. తక్కువ రద్దీ వీధివాళ్లకు ఆ వీధిలో ఉన్న స్నేహితులు, ఎక్కువ రద్దీ వీధివాళ్లకంటే మూడు రెట్లు. రోడ్డు వెడల్పు సంగతి మరీ ఘోరం. ఒక్కో లేన్ మూడున్నర మీటర్లు అనుకుంటే నాలుగు లేన్లు 14 మీటర్లు, ఎనిమిది లేన్లు 28. సెకనుకు 0.8 మీటర్లు నడిచే పెద్దాయనకు మొదటిది దాటడానికి పదిహేడున్నర సెకన్లు, రెండోదానికి 35. సిగ్నల్ సమయం కుర్రాళ్ల నడకను బట్టి పెడితే ఆయన రోడ్డు మధ్య డివైడర్ దగ్గర చిక్కుకుపోతాడు.

అయితే "మొత్తం పిల్లర్లే కావాలి" అన్న డిమాండ్‌కీ ఒక హద్దుంది. వంతెన దిగుతున్న కొద్దీ కింద ఖాళీ తగ్గుతుంది. పై లెక్క ప్రకారమే, ఎత్తైన చోటు నుంచి సుమారు వంద మీటర్ల దాకానే మనిషి తల తగలకుండా దాటగలడు. ఆ తర్వాతి భాగాన్ని పిల్లర్ల మీద నిలబెట్టినా, కింద వచ్చేది చెత్త చేరే చీకటి గుహే. కాబట్టి మొదటి వంద మీటర్లకు పట్టుబట్టి, మిగతాది వదిలేయడం తెలివైన బేరం. నీళ్ల సంగతైతే వేరు. వానలు పడ్డప్పుడు నీరు ఏ వాలున పారుతుందో ఆ వాలుకు అడ్డంగా కట్ట పడితే అది చెరువుగట్టే అవుతుంది, మధ్యలో పెట్టే తూములే దిక్కు. తూము వ్యాసం సగం చేస్తే పారే నీరు సగమవుతుందని అనుకుంటాం. నిజానికి ఆరో వంతుకు పడిపోతుంది. ఏ గోడ మీద ఎంత ఎత్తున బురద మరక ఉందో చూపించగలిగే ముసలావిడ మాట, ఆ తూము సైజు తేల్చేటప్పుడు పనికొచ్చే డేటా. ఆమెను పిలిచి "ప్రాజెక్టు మీకు ఇష్టమా, కాదా" అని అడిగి పంపించేస్తాం.

వంతెన అందం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నగరానికి గుర్తుగా ఉండాలని తీగల వంతెన అడగడం ఫ్యాషన్ అయింది. మధ్యలో పిల్లర్ వేయడానికి వీల్లేని వెడల్పాటి నదో, లోయో ఉండి, రెండు వందల మీటర్లకు పైగా ఒకే దూకులో దాటాల్సి వస్తే తీగలకు అర్థముంది. నలభై మీటర్ల జంక్షన్ మీద అవి పైన పటారమే. మామూలు కాంక్రీటు గర్డర్లు ఆ పని చేసేస్తాయి, మిగిలిన డబ్బుతో పైన చెప్పుకున్న వంద మీటర్ల పిల్లర్లు వస్తాయి.

అభిప్రాయాలు స్థిరంగా ఉండవన్న సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1959లో శాన్‌ఫ్రాన్సిస్కో జనం తిరగబడితే నగర పాలకమండలి ప్రతిపాదనలో ఉన్న పది ఫ్రీవేలలో ఏడింటిని రద్దు చేసింది. అదే నగరంలో అప్పటికే లేచిన ఎంబార్కడెరో ఫ్రీవేని కూల్చాలా అని 1986లో ఓటు పెడితే జనం వద్దన్నారు. 1989 భూకంపంలో అది దెబ్బతింది, 1991లో కూల్చారు. ఇప్పుడు ఆ తీరం చూసి మళ్లీ ఫ్రీవే కట్టమని అడిగేవాళ్లు కనబడరు. సియోల్‌లో రోజుకు లక్షన్నరకు పైగా వాహనాలు తిరిగే చియోంగ్‌గే ఎత్తైన రోడ్డును 2003లో తీసేస్తుంటే వ్యాపారులు ఊరేగింపులు తీశారు. 2005 కల్లా దాని కింద పూడుకుపోయిన వాగు బయటికొచ్చింది, ఊరు స్తంభించలేదు. స్టాక్‌హోమ్‌లో 2006లో నగరంలోకి వచ్చే వాహనాలకు రద్దీ రుసుము పెట్టి ఏడు నెలలు ప్రయోగం చేశారు. ముందు మెజారిటీ వ్యతిరేకించింది. ట్రాఫిక్ దాదాపు 20 శాతం తగ్గడం కళ్లతో చూశాక అదే నగరం స్వల్ప ఆధిక్యంతో సరే అంది. ఓటు పెట్టిన చుట్టుపక్కల పట్టణాలు ఎక్కువగా కాదన్నాయి, ఎందుకంటే డబ్బు కట్టేది ఎక్కువగా వాళ్లే. ఏ అభిప్రాయ సేకరణలోనైనా మొదట చూడాల్సింది ఇదే: చెబుతున్నవాళ్లు దాటేవాళ్లా, పక్కన బతికేవాళ్లా.

ఇన్ని గొడవల్లోనూ ఎవరి నోటా రాని విషయం ఒకటుంది, వంతెన నిర్వహణ. ఒక డిగ్రీ వేడికి ఒక మీటరు కాంక్రీటు సుమారు మిల్లీమీటరులో వందో వంతు సాగుతుంది. వినడానికి ఏమీ కాదు. కానీ బండ్లు నడిచే వంద మీటర్ల వంతెన పలకకి, అంటే డెక్‌కి, చలికాలం వేకువకీ ఎండాకాలం మధ్యాహ్నానికీ నలభై డిగ్రీల తేడా వస్తే, అది నాలుగు సెంటీమీటర్లు. ఆ కదలిక కోసమే డెక్ ముక్కల మధ్య ఖాళీ వదిలి ఎక్స్‌పాన్షన్ జాయింట్ పెడతారు, గర్డర్ కింద రబ్బరు, ఉక్కు పొరల బేరింగ్ పెడతారు. బండి దాటినప్పుడు "ధన్" మని వినిపించేది ఆ జాయింటే. దాని రబ్బరు చిరిగితే వాన నీరు నేరుగా బేరింగ్ మీద, గర్డర్ కొస మీద పడుతుంది, లోపలి ఉక్కు తుప్పు పడుతుంది. దీనికి లారీల బరువు తోడు. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయ్‌లో జరిపిన పెద్ద పరీక్షల్లో, ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం పదహారు రెట్ల దాకా ఉంటుందని తేలింది. ఓవర్‌లోడ్ లారీ ఒక్కటి చేసే పని వేల కార్లు కూడా చేయలేవు.

అమెరికాలోని మినియాపొలిస్‌లో 1967లో తెరిచిన ఐ-35డబ్ల్యూ వంతెన 2007 ఆగస్టు 1న సాయంత్రం రద్దీలో కూలి 13 మంది చనిపోయారు. ఉక్కు కమ్మీలను కలిపే గసెట్ ప్లేట్లు ఉండాల్సిన మందంలో సగమే ఉన్నాయని దర్యాప్తులో బయటపడింది. ఆ ప్లేట్లు వంగి ఉన్న ఫొటోలు 1999, 2003 నాటివి రికార్డుల్లో ఉన్నాయి. కొత్త వంతెన నమూనా బొమ్మ గోడకు తగిలించి అభిప్రాయం చెప్పమన్నప్పుడు, బేరింగ్ మార్చడానికి జాక్ పెట్టే జాగా ఎక్కడ వదిలారు, తనిఖీకి మనిషి గర్డర్ దగ్గరిదాకా ఎలా ఎక్కుతాడు, ఆ రిపోర్టు జనానికి ఎక్కడ దొరుకుతుంది అని అడిగితే, బొమ్మ ముందు నిలబడ్డ ఇంజినీరే అందరికంటే సంతోషిస్తాడు. తన పై అధికారులను అతను ఆ ప్రశ్నలే అడగలేకపోతున్నాడు.