కారు డోర్‌ని ఫోటో తీస్తే పడేది ఎవరి బొమ్మ?

నల్ల కారు ఒకదాన్ని బాగా కడిగి, తుడిచి, ఎండలో నిలబెట్టి దాని డోర్‌ని ఫోటో తీయండి. ఫోటోలో ఆకాశం ఉంటుంది, ఎదురుగా ఉన్న చెట్టు ఉంటుంది, ఫోన్ ఎత్తి పట్టుకున్న మీరూ ఉంటారు. డోర్ మాత్రం ఉండదు. హ్యాండిల్, అంచులు, రబ్బరు బీడింగ్ తీసేస్తే మిగతాదంతా చుట్టుపక్కల వాటి బొమ్మే.

ఫోటోల నుంచి కారు బాడీ భాగాల డిజిటల్ నమూనా తయారుచేయాలనుకునేవాళ్ల తలనొప్పంతా ఇక్కడే మొదలవుతుంది. నమూనా అంటే చూడ్డానికి బాగుండే బొమ్మ కాదు. ఆ రేకు ఏ చోట ఎంత ఎత్తులో ఉంది, ఎటు వాలింది, ఎంత వంపు తిరిగింది అన్నది లెక్కల్లో చెప్పే ఉపరితలం. డ్రాయింగులు దొరకని పాత కారుకి కొత్త ఫెండర్ చేయాలన్నా, డిజైనర్ మట్టితో మలిచిన ఆకారాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాలన్నా, ప్రెస్సులోంచి వచ్చిన రేకు అనుకున్న ఆకారంలోనే వచ్చిందో లేదో చూడాలన్నా అదే కావాలి.

అలా కంప్యూటర్‌లోకి ఎక్కిన తొలి కార్లలో బాగా పేరుపడ్డది ఒక ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. 1972లో అమెరికాలోని యూటా యూనివర్సిటీలో కంప్యూటర్ గ్రాఫిక్స్‌కి ఆద్యుల్లో ఒకరైన ఐవన్ సదర్లాండ్, ఆయన విద్యార్థులు కలిసి ఆ పని చేశారు. కారు సదర్లాండ్ భార్యది. బాడీ మీద చుక్కలు, గీతలు గీసి, కొలబద్దలు పట్టుకుని, ఒక్కో చుక్క ఎక్కడుందో చేత్తో కొలిచి రాసుకున్నారు. ఇంట్లో కారు మీద అన్ని గీతలు గీయనివ్వడానికి పెద్ద మనసే ఉండాలి.

కొలబద్ద బదులు కెమెరాతో కొలవాలన్న ఆలోచన నిజానికి కార్లకంటే పాతది. 1858లో జర్మనీలోని వెట్స్‌లర్‌లో ఒక పెద్ద చర్చిని కొలుస్తూ ఆల్‌బ్రెఖ్ట్ మైడెన్‌బావర్ అనే ఆర్కిటెక్ట్ పైనుంచి పడబోయి కొద్దిలో తప్పించుకున్నాడు. గోడలెక్కి కొలిచే బదులు కింద నిలబడి ఫోటోలు తీసి, వాటి మీదే కొలవచ్చు కదా అనిపించింది ఆయనకి. ఇలా ఫోటోలతో కొలిచే పనికి ఫోటోగ్రామెట్రీ అన్న మాటని వాడుకలోకి తెచ్చింది కూడా ఆయనే, 1867లో.

సూత్రం మన కళ్లు రోజూ చేసే పనే. ముక్కు ముందు వేలు పెట్టుకుని ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండోది మూసి చూడండి. వేలు పక్కకి గెంతినట్టుంటుంది. దగ్గరి వస్తువు ఎక్కువ గెంతుతుంది, దూరంది తక్కువ. రెండు ఫోటోల్లో ఒకే చుక్కని గుర్తుపడితే, రెండు కెమెరాల నుంచి దాని వైపు రెండు గీతలు గీయొచ్చు. అవి కలిసిన చోటే ఆ చుక్క ఉన్న చోటు. నాలుగు వేల పిక్సెళ్ల వెడల్పున్న ఫోటోలు, మామూలు లెన్సు, రెండు కెమెరాల మధ్య 20 సెంటీమీటర్లు, డోర్‌కి మీటరు దూరం అనుకుందాం. చుక్కని గుర్తించడంలో పిక్సెల్‌లో పదోవంతు తేడా వస్తే లోతులో తప్పు సుమారు 0.12 మిల్లీమీటర్లు. రెండు మీటర్ల దూరం వెళ్తే తప్పు రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. అందుకే ఈ పనిలో దూరంగా నిలబడి జూమ్ లేకుండా తీసిన ఫోటో పెద్దగా అక్కరకి రాదు.

ఇంకో చిక్కు. ఎన్ని ఫోటోలు తీసినా వాటికి సైజు తెలియదు. బొమ్మ కారుకీ అసలు కారుకీ తేడా చెప్పలేవు. పొడవు కచ్చితంగా తెలిసిన కడ్డీ ఒకటి పక్కన పెట్టి, దాన్ని కూడా ఫోటోల్లో పడనిస్తేనే లెక్క మిల్లీమీటర్లలోకి వస్తుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు కథంతా ‘ఒకే చుక్కని గుర్తుపడితే’ అన్న మాటలో ఉంది. సాఫ్ట్‌వేర్ ఫోటోలో మచ్చ, గీత, మూల లాంటివి వెతుక్కుని, రెండో ఫోటోలో వాటి జోడీని పట్టుకుంటుంది. 1999లో డేవిడ్ లో (Lowe) అనే పరిశోధకుడు ప్రకటించిన సిఫ్ట్ (SIFT) పద్ధతితో ఈ జోడీలు వెతకడం బాగా గట్టిపడింది. ఇటుక గోడో చెట్టు బెరడో అయితే జోడీలు వేలల్లో దొరుకుతాయి. పెయింట్ వేసిన రేకు మీద ఏముంటాయి? దొరికేవి ప్రతిబింబాలే. అవి రేకుకి అతుక్కుని ఉండవు. మనం కదిలితే అవీ కదులుతాయి.

పాపం సాఫ్ట్‌వేర్‌కి ఆ సంగతి తెలియదు. బానెట్ లాంటి ఉబ్బెత్తు రేకు కుంభాకార దర్పణమే. దూరపు దీపం ప్రతిబింబం అందులో వక్రతా వ్యాసార్థంలో సగం లోతున ఏర్పడుతుందని హైస్కూల్లో చదువుకున్నదే. మీటరు వ్యాసార్థంతో వంగిన ఫెండర్ మీద మెరిసే చుక్క, రెండు కెమెరాల లెక్కలో దాదాపు అర మీటరు వెనక, అంటే రేకు దాటి ఇంజను దగ్గర తేలుతుంది! నేనూ ఒకసారి ఫోన్‌తో ఒక సైడ్ మిర్రర్ వెనక తొడుగుని చుట్టూ తిరిగి అరవై దాకా ఫోటోలు తీసి సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చాను. అంచులు చక్కగా వచ్చాయి. నున్నటి పైభాగం మీద మాత్రం ఎలక కొరికినట్టు గుంట. గుంట ఉన్నది సరిగ్గా ట్యూబ్‌లైట్ మెరుపు పడ్డ చోట.

మనిషి మెదడు మాత్రం ఇందులో మోసపోదు. రెండు కళ్లకీ మెరుపు ఉబ్బెత్తు తలానికి వెనకగా కనపడితేనే అది నునుపైన వస్తువని అనుకుంటుందని 1990లో ఆండ్రూ బ్లేక్, హైన్రిఖ్ బ్యూల్టాఫ్ అనే పరిశోధకులు ప్రయోగాలతో చూపించారు.

మరి కెమెరాతో ఏం చేయాలి? మొదటి దారి మెరుపుని చంపేయడం. రేకు మీద సన్నటి తెల్ల పౌడర్ స్ప్రే చేస్తారు. కొన్ని గంటల్లో దానంతటదే ఆవిరైపోయే రకాలూ ఉన్నాయి. పౌడర్ పొర మందం కూడా కొలతలో కలుస్తుందని మర్చిపోకూడదు. ఆపైన గుర్తుల స్టిక్కర్లు అంటిస్తారు, లేదా ప్రొజెక్టర్‌తో చారల కాంతి వేస్తారు. రేకు వంపుని బట్టి చారలు వంగుతాయి, ఆ వంపుల్లోంచి ఆకారం లాగుతారు.

చారల సంగతి కొంచెం దగ్గరగా చూడాలి. ఫలానా చోట పడింది ఎన్నో చార అన్నది తెలియాలి. అందుకని నలుపు తెలుపు నమూనాలు ఒకదాని తర్వాత ఒకటి వేస్తారు. పది నమూనాలు వేస్తే ఒక్కో చోట వెలుగు, చీకటి పడిన వరుసని బట్టి 1024 చారల్ని విడివిడిగా గుర్తించవచ్చు. మామూలు బైనరీలో 7 అంటే 0111, 8 అంటే 1000. పక్కపక్క చారలే అయినా నాలుగు అంకెలూ మారిపోయాయి. సరిహద్దు దగ్గర కెమెరా కాస్త తడబడితే జవాబు ఎక్కడికో పోతుంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో పనిచేసిన ఫ్రాంక్ గ్రే పేరుతో ఉన్న కోడ్‌లో 7 అంటే 0100, 8 అంటే 1100. మారేది ఒక్క అంకే. తడబడినా ఒక్క చార తేడాతో బయటపడతాం. 1953లో పేటెంట్ వచ్చిన ఆ ఉపాయం ఇప్పటికీ స్కానర్లలో వాడుతున్నారు.

రెండో దారి నాకు ఎక్కువ ఇష్టం. మెరుపుని చంపకుండా దాన్నే చదవడం. డెంటింగ్ పనిలో చేయి తిరిగినవాళ్లు రేకు మీద సొట్టని సూటిగా చూడరు. గీతలున్న లైటు బోర్డు ఎదురుగా పెట్టి, రేకులో ఆ గీతల ప్రతిబింబం ఎక్కడ వంకర పోయిందో చూస్తారు. డిఫ్లెక్టోమెట్రీ అంటే అదే పని కంప్యూటర్‌తో చేయడం. చారలున్న స్క్రీన్‌ని రేకు ఎదుట పెట్టి, కెమెరాతో రేకుని కాదు, రేకులోని స్క్రీన్‌ని ఫోటో తీస్తారు.

ఇది ఎంత సున్నితమో ఒక లెక్క. సొట్ట వెడల్పు 2 సెంటీమీటర్లు, లోతు 0.02 మిల్లీమీటర్లు అనుకుందాం. పైన చెప్పిన రెండు కెమెరాల పద్ధతిలో 0.12 మిల్లీమీటర్ల తప్పు కింద ఇది పూర్తిగా కప్పబడిపోతుంది. కానీ అంచు నుంచి మధ్యకి ఒక సెంటీమీటరులో 0.02 మిల్లీమీటర్లు దిగిందంటే వాలు 500కి 1. అద్దం ఎంత తిరిగితే కిరణం దానికి రెట్టింపు తిరుగుతుంది కాబట్టి 250కి 1. మీటరు దూరంలో ఉన్న స్క్రీన్ మీద అది 4 మిల్లీమీటర్లు. వేలు పెట్టి చూపించగలిగినంత తేడా.

మరి ఇదొక్కటే చాలదా అంటే, చాలదు. ఇది చెప్పేది వాలు, ఎత్తు కాదు. రోడ్డు ప్రతి అడుగులో ఎంత ఎక్కిందో తెలిసినా మొదలెక్కడో తెలియకపోతే ఊరు ఎంత ఎత్తున ఉందో చెప్పలేం. పైగా ఒకే ప్రతిబింబాన్ని దగ్గరున్న రేకు ఒక వాలుతో, దూరంగా ఉన్న రేకు ఇంకో వాలుతో చూపించగలదు. అందుకే మొత్తం ఆకారాన్ని చారల కాంతితోనో స్టిక్కర్లతోనో పట్టుకుని, చిన్న చిన్న ఎగుడుదిగుళ్లని ప్రతిబింబాలతో పట్టుకోవడం మంచిది. ఫోటోల నుంచి త్రీడీ దృశ్యాన్ని కట్టే, ఈమధ్య వచ్చిన నెర్ఫ్ (NeRF), గాసియన్ స్ప్లాటింగ్ పద్ధతులు తెర మీద కారుని కళ్లు చెదిరేలా చూపిస్తాయి. అందం చూసి కొలతని నమ్మకూడదు. ప్రతిబింబాన్ని రేకు లోపల ఇంకో లోకంగా కట్టేసి కూడా అవి అంతే అందంగా చూపించగలవు.

కొలత అయ్యాక చేతికొచ్చేది లక్షల చుక్కలు. వాటిని త్రిభుజాలుగా అల్లితే మెష్. త్రిభుజాల బానెట్‌ని త్రీడీ ప్రింట్ చేయొచ్చేమో గానీ, కార్ల డిజైన్‌లో నడిచేది వంపుల గణితం. దాని పునాది కూడా కార్ల కంపెనీల్లోనే పడింది. సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో 1959లో మొదలుపెట్టాడు. కంపెనీ దాన్ని గుట్టుగా ఉంచింది. ఈలోగా రెనోలో పియెర్ బెజియే విడిగా అదే దారిలో వెళ్లి ప్రచురించాడు. వంపులకి ఆయన పేరే నిలిచింది.

చుక్కల మీద ఈ వంపుల పలకల్ని పరవడంలో మనిషి చేయి ఇంకా కావాలి. నునుపు ఎక్కువ చేస్తే డోర్ పొడుగునా ఉండే పదునైన మడత అరిగిపోయిన సబ్బులా అవుతుంది. తక్కువ చేస్తే కొలతలోని వణుకంతా రేకులోకి వస్తుంది. రెండు పలకలు కలిసేచోట వాలు కుదిరితే సరిపోదు, వంపు కూడా కుదరాలి. వాలు మాత్రమే కుదిరి వంపు కుదరకపోతే చేత్తో తడిమినా తెలియదు. ప్రతిబింబంలో మాత్రం గీత అక్కడ మోచెయ్యిలా విరుగుతుంది. 0.2 మిల్లీమీటర్లు తప్పున్నా నునుపుగా సాగిన పలక కంటికి బాగుంటుంది, 0.05 దగ్గరికి వచ్చి వణికే పలక బాగుండదు.

అందుకే చివరి పరీక్షకి సాఫ్ట్‌వేర్‌లో నమూనా మీద నలుపు తెలుపు చారల ఉత్తుత్తి ప్రతిబింబం వేసి, డోర్‌ని మెల్లగా తిప్పి చూస్తారు. చారలు అంచు నుంచి అంచుకి నీళ్లలా జారిపోతుంటాయి. హ్యాండిల్ కింద ఒకచోట ఒక చార చిన్నగా వణుకుతుంది. అది నమూనాలోని తప్పా, రేకులోనే ఉన్న సొట్టా? స్క్రీన్ ఎంతసేపు చూసినా తేలదు. లేచి కారు దగ్గరికి వెళ్లి, పౌడర్ తుడిచేసి, ఆ చోట ట్యూబ్‌లైట్ నిటారుగా పడుతుందో లేదో చూడాల్సిందే.