మబ్బుల మీదుగా వరదను పట్టే రాడార్, నేల మీద దాని పరిమితి

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్ నగర్, పాయకాపురం నీట మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు పారింది. ఆకాశమంతా మబ్బు కమ్మి ఉండగా ఉపగ్రహం నుంచి వరద పటం ఎలా వస్తుందని అప్పట్లో చాలామంది అడిగారు. విపత్తు నిర్వహణలో సాంకేతికత ఎంతవరకు తోడ్పడుతుందో, మనుషుల సహకారం ఎక్కడ మొదలు కావాలో ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వెతికితే బోధపడుతుంది.

కెమెరా ఉన్న ఉపగ్రహానికి వరద రోజున మబ్బుల పైభాగం తప్ప మరేమీ కనబడదు. రాడార్ ఉపగ్రహం సూర్యకాంతి మీద ఆధారపడదు. తానే రేడియో తరంగాలను పంపి, తిరిగి వచ్చిన వాటిని కొలుస్తుంది. ఇస్రో 2022లో ప్రయోగించిన ఈఓఎస్-04, ఐరోపా వారి సెంటినెల్-1 ఉపగ్రహాలు వాడే తరంగదైర్ఘ్యం సుమారు అయిదున్నర సెంటీమీటర్లు. మేఘంలోని సూక్ష్మ బిందువులు ఆ తరంగాన్ని అడ్డుకోలేవు. అందువల్ల పగలూ రాత్రీ, ముసురులోనూ నేల కనిపిస్తుంది.

ఇక నీటిని గుర్తుపట్టే పద్ధతికి వద్దాం. వాన వెలిసిన రాత్రి తారు రోడ్డు మీద బండి నడిపినవారందరికీ ఈ సూత్రం అనుభవంలో ఉన్నదే. పొడి రోడ్డు గరుకుగా ఉంటుంది కనుక హెడ్‌లైట్ కాంతిని అన్ని వైపులకూ చిమ్ముతుంది, అందులో కొంత మన కంటికి తిరిగి వస్తుంది. తడిసిన రోడ్డు మీద ఆ గరుకుతనాన్ని నీటి పొర కప్పేస్తుంది, కాంతి ముందుకు జారిపోతుంది, మన ఎదుట రోడ్డు నల్లబడుతుంది. మనకు రాని ఆ కాంతి ఎదురుగా వచ్చే వాహనదారు కళ్లలో కొడుతుంది. రాడార్ ఉపగ్రహం ఏటవాలుగా కిందికి చూస్తుంది. హెడ్‌లైట్ అదే, కన్నూ అదే. నిలిచిన నీటి మీద పడిన తరంగం అవతలి వైపుకు వెళ్లిపోతుంది కనుక చిత్రంలో వరద నల్లని మరకగా కనిపిస్తుంది. బడిలో క్రమ పరావర్తనం, క్రమరహిత పరావర్తనం అని రెండు బొమ్మలు గీయించి, రెండు మార్కుల ప్రశ్నగా ముగించే పాఠం ఇదే. వరద పటం చేతికిచ్చి ఆ పాఠం మొదలుపెడితే పిల్లలు దానిని ఎన్నటికీ మరువరని నా నమ్మకం.

ఏ ఉపరితలాన్ని నునుపు అనాలన్నది తరంగదైర్ఘ్యాన్ని బట్టి తేలుతుంది. నిట్టనిలువు నుంచి తరంగం ఎంత వాలి నేలను తాకుతుందో అది పతన కోణం. దాని కొసైన్ విలువను ఎనిమిదితో హెచ్చించి, వచ్చిన సంఖ్యతో తరంగదైర్ఘ్యాన్ని భాగిస్తే ఎగుడుదిగుళ్ల హద్దు వస్తుంది, దానికి లోబడిన ఉపరితలం రాడార్‌కు నునుపే. అయిదున్నర సెంటీమీటర్ల తరంగానికి, సుమారు 37 డిగ్రీల కోణంలో అది దాదాపు తొమ్మిది మిల్లీమీటర్లు. అంతకు మించిన అలలను గాలి లేపితే వరద నీరే గరుకు నేలలా మెరిసి, పటం నుంచి తప్పించుకుంటుంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో, నాసా ఉమ్మడి రాడార్ ఉపగ్రహం నిసార్‌లో 24 సెంటీమీటర్ల తరంగం కూడా ఉంది. దానికి ఈ హద్దు నాలుగు సెంటీమీటర్లకు దగ్గరగా ఉంటుంది కనుక చిరు అలలు అడ్డు కావు. అయితే చదునైన పొడి నేల కూడా నల్లగా కనబడే ప్రమాదం పెరుగుతుంది. అందుకే వరదకు ముందు తీసిన చిత్రంతో పోల్చి చూడడం తప్పనిసరి.

ఆ పోలిక కూడా కృష్ణా డెల్టాలో తడబడుతుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అప్పుడే నాట్లు వేసిన మడి నిండా నీరుంటుంది. ముందటి చిత్రంలో పొడిగా ఉన్న మడి ఈసారి నల్లబడితే, అది వరదో రైతు పెట్టిన తడో రాడార్ చెప్పలేదు. ఆ ఊరి వ్యవసాయ సహాయకుడు చెప్పగలడు. ఇటువంటి సహకారం లేకుండా పంట నష్టం లెక్కలు వేయడం రైతుకు అన్యాయం.

నగరంలో చిక్కు మరింత జటిలం. నీరు నిండిన వీధి, దాని పక్కన నిలువు గోడ కలిస్తే లంబకోణం ఏర్పడుతుంది. అలాంటి మూలలో తరంగం నీటి నుంచి గోడకు, గోడ నుంచి ఉపగ్రహానికి తిరిగి వెళుతుంది, కనుక మునిగిన వీధి నల్లబడటానికి బదులు మరింత తెల్లబడుతుంది. వీధి ఉపగ్రహ మార్గానికి సమాంతరంగా ఉంటేనే ఇది స్పష్టంగా కనిపిస్తుంది, ఏటవాలుగా ఉంటే మెరుపు తగ్గిపోతుంది. ఇరుకు సందులు మేడల రాడార్ నీడలో, అంటే మేడ అడ్డుపడి తరంగం చేరని చోట, దాగిపోతాయి. రెండు తేదీల్లో తిరిగి వచ్చిన తరంగాల దశల (అల ఎగుడుదిగుళ్లలో ఏ స్థానంలో ఉందో చెప్పే కొలత) మధ్య పొంతన ఎంత తగ్గిందో లెక్కించి నగర వరదను పట్టే పద్ధతులున్నాయి గానీ, వాటికి ఒకే కక్ష్య నుంచి తీసిన పాత చిత్రాలు సిద్ధంగా ఉండాలి. పొలాల మీద నీటిని చక్కగా చూపే రాడార్, జనం కిక్కిరిసిన సింగ్ నగర్ వంటి చోటే మసకబారుతుంది.

పైగా నిసార్ ఒకే చోటును అదే కక్ష్య నుంచి మళ్లీ చూడడానికి 12 రోజులు పడుతుంది. వరద అంతకాలం ఆగదు. ఇలాంటి లోటు తీర్చేందుకు అంతరిక్ష సంస్థల మధ్య ఒక అంతర్జాతీయ ఒడంబడిక ముందునుంచే ఉంది. ఐరోపా, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థలు 1999లో తలపెట్టిన ఆ ఏర్పాటు 2000 నవంబరు నుంచి పనిచేస్తోంది, ఇస్రో 2001లో చేరింది. విపత్తు వచ్చిన దేశం కోరితే, ఆ సమయానికి దగ్గరలో ఉన్న సభ్య సంస్థల ఉపగ్రహాలు చిత్రాలు తీసి ఉచితంగా అందిస్తాయి. మన దేశంలో వరద పటాలను తయారుచేసే బాధ్యత హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానిది.

చిత్రం అందినా, దాని కింద వీధుల పటం లేకపోతే సహాయక పడవ ఎటు వెళ్లాలో తెలియదు. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చినప్పుడు రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌కు, ఎవరైనా గీసి దిద్దగల ఉచిత ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చెప్పుకోదగ్గ పటమే లేదు. ఎన్నో దేశాల నుంచి వందలాది స్వచ్ఛంద కార్యకర్తలు ఉపగ్రహ చిత్రాల మీద రోడ్లను, కూలిన భవనాలను, గుడారాల శిబిరాలను గీసి కొద్ది రోజుల్లోనే పటం నింపారు, సహాయక బృందాలు దానిని వాడుకున్నాయి. అయినా ఏ వీధిని స్థానికులు ఏ పేరుతో పిలుస్తారో ఆకాశం నుంచి కనబడదు. అది అక్కడివారు చెప్పవలసిందే.

విజయవాడలో డ్రోన్లు ఆహార పొట్లాలు, నీళ్లు చేరవేసిన మేడల కింది గోడల మీద 2024 నాటి నీటి మట్టం జాడ చాలాచోట్ల ఇంకా ఉండే ఉంటుంది. ఇంజనీరింగు విద్యార్థులు వార్డు సచివాలయ సిబ్బందితో కలిసి వీధివీధికీ ఆ మట్టం ఎత్తును, అక్కడి నేల ఎత్తును కొలిచి పటంలో నమోదు చేయవచ్చు. అప్పుడు బుడమేరు మట్టం తెలిసిన వెంటనే, రాడార్ చూడలేని సందుల్లో సైతం ఎంత లోతు నీరు చేరుతుందో ముందే అంచనా వేయడం సాధ్యపడుతుంది. గోడలకు కొత్త సున్నం పడకముందే ఈ పని జరగాలి.